సవానా పాత ఊరిని ఎలా చూడాలి: కారు దిగి, స్క్వేర్ వెంట స్క్వేర్

అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే జార్జియా తీరంలోని పాత రేవు పట్నం సవానా ప్రస్తావన రాక మానదు. నాలుగు గంటల డ్రైవ్, నది, బీచ్, పాత ఇళ్లు. కానీ వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: రివర్ స్ట్రీట్‌లో తిరిగాం, ఐస్‌క్రీం తిన్నాం, టైబీ బీచ్‌కి వెళ్లాం. అంటే ఊరి అంచు చూసి వచ్చేశారన్నమాట. అసలు ఊరు నది గట్టు పైన, బే స్ట్రీట్ దాటాక మొదలవుతుంది. అక్కడి నుంచి ఫోర్సైత్ పార్కు దాకా గట్టిగా మైలు దూరం. ఆ మైలును ఎలా నడవాలో, ఎక్కడ ఆగాలో, దేన్ని వదిలేసినా పర్వాలేదో వరుసగా చెబుతాను.

1. ముందు నెల చూసుకోండి

మార్చి మధ్య నుంచి ఏప్రిల్ దాకా అజేలియా పూలు విరగబూస్తాయి. అక్టోబర్, నవంబర్ కూడా హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టు మాత్రం ఉక్కపోత. ‘విజయవాడ ఎండలే చూశాం, ఇదెంత’ అనుకుని వెళ్తే పదకొండింటికల్లా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. కాకినాడ, విశాఖ వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబర్ తుపాన్ల కాలం కూడా. ఆ నెలల్లో వెళ్లాల్సి వస్తే డబ్బు వాపసు ఇచ్చే హోటల్ బుకింగే తీసుకోండి.

ఒక్క తేదీ మాత్రం గుర్తుపెట్టుకోండి: మార్చి 17. ఇక్కడ సెయింట్ పాట్రిక్స్ డే పరేడ్ 1824 నుంచి జరుగుతోంది. ఫౌంటెన్ నీళ్లకు కూడా ఆకుపచ్చ రంగు కలుపుతారు. పరేడ్ కోసమే వెళ్తే సరే. ఊరు చూద్దామని పిల్లలతో వెళ్తే మాత్రం ఆ వారం హోటల్ రేట్లకు కళ్లు తిరుగుతాయి, వీధుల్లో అడుగు పెట్టే సందు ఉండదు.

వసంతంలో సాయంత్రం పూట కంటికి సరిగ్గా ఆననంత చిన్న పురుగులు కుడతాయి. అక్కడివాళ్లు వాటిని శాండ్ నాట్స్ అంటారు. దోమల స్ప్రే బ్యాగులో పడేసుకోండి.

2. కారును ఒకచోట పెట్టి మర్చిపోండి

అట్లాంటా నుంచి ఐ-75 మీద మేకన్ దాకా, అక్కడి నుంచి ఐ-16. మొత్తం 250 మైళ్లు. ఐ-16 సరాసరి పాత ఊళ్లోకే వచ్చి ఆగిపోతుంది కాబట్టి దారి తప్పే ప్రశ్నే లేదు. అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలవుతుంది. పాత ఊళ్లో ప్రతి స్క్వేర్ చుట్టూ కార్లు ఒకే దిశలో తిరగాలి, సగం వీధులు వన్‌వే, పార్కింగ్ కోసం తిరుగుతూ ఉంటే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

రోడ్డు పక్క మీటర్ల కోసం వెతక్కుండా నేరుగా సిటీ గరాజ్‌లో పెట్టేయండి. ఎల్లిస్ స్క్వేర్ కింద భూగర్భంలో ఉన్న విటేకర్ స్ట్రీట్ గరాజ్ నడకకు బాగా అనువైనది. అది దొరక్కపోతే లిబర్టీ స్ట్రీట్ గరాజ్ చూడండి. మీటర్ దగ్గరే పెట్టాల్సి వస్తే పక్కనున్న బోర్డు చదవండి. వేళలు వీధిని బట్టి మారతాయి. ఊళ్లో ‘డాట్’ అనే ఉచిత షటిల్ బస్సు తిరుగుతుంది. కాళ్లు నొప్పి పుడితే ఎక్కేయడానికి అది చాలు, టూర్ ట్రాలీ టికెట్ తప్పనిసరేమీ కాదు.

బస విషయంలో నా సలహా ఒకటే. ఎయిర్‌పోర్టు దగ్గరి పూలర్‌లో హోటళ్లు చవక, నిజమే. అయినా అక్కడ రెండు రాత్రులు ఉండే డబ్బుతో పాత ఊళ్లో ఒక రాత్రి ఉండటం మేలు. ఈ ఊరు బాగుండేది పొద్దున్నే టూరిస్టులు లేవకముందు, రాత్రి భోజనాలయ్యాక. పూలర్‌లో ఉంటే ఆ రెండు వేళలూ పోతాయి. కాకపోతే పాత ఊరి హోటళ్లు పార్కింగ్‌కు విడిగా వసూలు చేస్తాయి. గది రేటు చూసేటప్పుడే ఆ లెక్కా చూసుకోండి.

3. నడిచే ముందు ఊరి లెక్క తెలుసుకోండి

ఈ పది నిమిషాల పాఠం వింటే గైడ్ లేకపోయినా ఊరు మీకే అర్థమవుతుంది.

1733 ఫిబ్రవరిలో జేమ్స్ ఓగల్‌థార్ప్ అనే ఆంగ్లేయుడు వందకు పైగా మందితో ఈ గట్టు మీద దిగాడు. అప్పటికి ఇక్కడ ఉంటున్నది యామక్రా తెగవాళ్లు, వాళ్ల పెద్ద టోమోచీచీ. ఇద్దరి మధ్యా మాటలు నడిపింది మేరీ మస్‌గ్రోవ్ అనే దుబాసీ. ఆమె తల్లి క్రీక్ తెగ మనిషి, తండ్రి ఆంగ్లేయుడు. ఈ ముగ్గురి మధ్య ఒప్పందం కుదిరింది కాబట్టే ఊరు యుద్ధం లేకుండా మొదలైంది.

ఓగల్‌థార్ప్ ఊరిని వార్డులుగా గీశాడు. ప్రతి వార్డు మధ్యలో ఒక ఖాళీ స్క్వేర్. దానికి ఉత్తరాన, దక్షిణాన ఇళ్ల స్థలాలు, వార్డుకు నలభై. ఒక్కో స్థలం 60 అడుగులకు 90 అడుగులు, అంటే మన లెక్కలో సరిగ్గా 600 గజాలు. తూర్పున, పడమరన మాత్రం ఇళ్లు కాకుండా చర్చి, కోర్టు లాంటి పదిమందికీ పనికొచ్చే కట్టడాల కోసం నాలుగు పెద్ద స్థలాలు వదిలాడు. జనం పెరిగినప్పుడల్లా పక్కనే ఇంకో వార్డు అచ్చం అలాగే గీసుకుంటూ పోయారు. అలా 1850ల నాటికి 24 స్క్వేర్లయ్యాయి. ఇప్పుడు 22 మిగిలాయి.

దీనివల్ల మీకొచ్చే లాభం చెబుతాను. ఏ స్క్వేర్‌లోకి వెళ్లినా ముందు తూర్పు, పడమరలు చూడండి. చర్చి, మ్యూజియం, పెద్ద భవంతి ఏదున్నా దాదాపు అటే ఉంటుంది. ఉత్తర, దక్షిణాల్లో ఇళ్ల వరుసలుంటాయి. మ్యాప్ తీయాల్సిన పని సగానికి సగం తగ్గిపోతుంది.

మొదట్లో ఈ కాలనీలో బానిసత్వాన్ని చట్టం ఒప్పుకోలేదు. 1735లో నిషేధించారు. వలసవాళ్లు పక్కనున్న సౌత్ కెరొలైనాలో బానిసల చేత వరి పండించి డబ్బు చేసుకుంటున్న దొరలను చూసి గోల పెట్టారు, 1751కల్లా నిషేధం ఎత్తేశారు. తర్వాత ఊరి సంపదంతా ఆ ఎత్తివేత మీదే నిలబడింది. ఇది గుర్తుపెట్టుకుని నడిస్తే కింద చెప్పబోయే ఇళ్లు కేవలం ఫొటోల కోసం ఉన్నవి కావని తెలుస్తుంది.

4. బుల్ స్ట్రీట్ మీద ఐదు స్క్వేర్లు

పొద్దున ఎనిమిదింటికల్లా సిటీ హాల్ దగ్గర, బంగారు రేకు గుమ్మటం కింద నిలబడండి. వెనక నది, ముందు బుల్ స్ట్రీట్. నాకు తెలిసి ఊరు చూడటానికి ఇంతకన్నా మంచి వరుస లేదు. కార్లు స్క్వేర్ చుట్టూ తిరిగి వెళ్లాలి, మీరు మాత్రం మధ్యలోంచి నేరుగా నడిచిపోవచ్చు.

మొదటిది జాన్సన్ స్క్వేర్, ఊరికే మొట్టమొదటిది. చుట్టూ బ్యాంకులు. మధ్యలో రాతి స్తంభం కింద అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సేనాని నెథానియల్ గ్రీన్ సమాధి. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు.

రెండోది రైట్ స్క్వేర్. ఇక్కడ ఆగండి. 1739లో టోమోచీచీ చనిపోతే ఆయన కోరిక ప్రకారమే ఊరి మధ్యలో, ఈ స్క్వేర్‌లో పూడ్చిపెట్టారు. పాడె మోసినవాళ్లలో ఓగల్‌థార్ప్ కూడా ఉన్నాడు. సమాధి మీద రాళ్ల గుట్ట వేశారు. నూటనలభై ఏళ్లు గడిచాక, 1883లో, సరిగ్గా స్క్వేర్ నడిబొడ్డున రైల్వే కంపెనీ పెట్టిన విలియమ్ గోర్డన్‌కు పెద్ద స్మారకం కట్టేశారు. ఊరికి చోటిచ్చినవాడి గుర్తు తీసేసి రైలు వేసినవాడికి పెట్టారన్నమాట. అది తప్పని ఊళ్లో కొందరికి అనిపించింది. వాళ్లలో గోర్డన్ సొంత కోడలు నెల్లీ గోర్డన్ కూడా ఉంది. 1899లో ఆమె ఉన్న మహిళా సంఘమే ఒక పెద్ద గ్రానైట్ బండ తెప్పించి స్క్వేర్ ఆగ్నేయ మూలలో టోమోచీచీ పేరిట పెట్టించింది. మధ్యలో మామగారి నగిషీల స్తంభం, మూలన గరుకు బండ. రెండింటినీ ఒకే చూపులో చూడండి. ఈ నెల్లీ కూతురే జూలియట్ గోర్డన్ లో, 1912లో ఇదే ఊళ్లో గర్ల్ స్కౌట్స్ మొదలుపెట్టింది. మీ అమ్మాయి స్కౌట్స్‌లో ఉంటే రెండు వీధుల అవతల, ఓగల్‌థార్ప్ అవెన్యూ మూలన ఉన్న ఆమె పుట్టిల్లు చూపించకుండా రావద్దు.

మూడోది చిపెవా స్క్వేర్. మధ్యలో ఓగల్‌థార్ప్ కంచు విగ్రహం, 1910 నాటిది. వాషింగ్టన్‌లో లింకన్ విగ్రహాన్ని రూపొందించిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచే దీన్నీ చేశాడు. విగ్రహం మొహం దక్షిణానికి తిప్పి ఉంటుంది, ఎందుకంటే అప్పట్లో శత్రువులైన స్పెయిన్‌వాళ్లు ఫ్లోరిడాలో ఉండేవారు. ఇక్కడికి రాగానే అందరూ ‘ఫారెస్ట్ గంప్’ సినిమాలో టామ్ హాంక్స్ కూర్చున్న బెంచీ ఏదని వెతుకుతారు. అది షూటింగ్ కోసం తెచ్చిన బెంచీ, అయ్యాక తీసేశారు. తర్వాత దాన్ని సవానా హిస్టరీ మ్యూజియంలో పెట్టారు. కాబట్టి ఇక్కడ ఏ బెంచీ మీద ఫొటో దిగినా ఒకటే.

నాలుగోది మాడిసన్ స్క్వేర్. పడమర వైపు ఇనుప వరండాతో ఉన్న గ్రీన్-మెల్డ్రిమ్ హౌస్ చూడండి. చార్లెస్ గ్రీన్ అనే పత్తి వ్యాపారి కట్టించుకున్న ఇల్లు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864 డిసెంబర్‌లో, అట్లాంటా నుంచి దారి పొడవునా తగలబెట్టుకుంటూ వచ్చిన ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ ఈ ఊరిని మాత్రం తగలబెట్టలేదు. ఊరి పెద్దలు ముందే లొంగిపోయారు. షెర్మన్ ఈ ఇంట్లో దిగి, ఊరిని 150 ఫిరంగులతో, సుమారు 25 వేల పత్తి బేళ్లతో సహా క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని లింకన్‌కు తంతి పంపాడు. గైడ్‌లందరూ ఈ కథ చెబుతారు.

వాళ్లు హడావిడిగా దాటేసే కథ ఇంకోటుంది. 1865 జనవరి 12న ఇదే ఇంటి మేడ మీద షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి ఇరవైమంది నల్లజాతి చర్చి పెద్దలను పిలిచి ‘మీకేం కావాలి?’ అని అడిగారు. వాళ్ల తరఫున మాట్లాడినవాడు గారిసన్ ఫ్రేజర్, డబ్బు కట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న 67 ఏళ్ల పాస్టర్. ‘భూమి కావాలి, మేమే దున్నుకుని బతుకుతాం’ అన్నది ఆయన జవాబు సారాంశం. నాలుగు రోజుల్లో షెర్మన్ ఉత్తర్వు వచ్చింది: తీరం వెంబడి ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల దాకా. ఆ ఏడాది గడవకముందే లింకన్ తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ దాన్ని రద్దు చేసి, భూములు పాత దొరలకే తిరిగి ఇప్పించాడు. భూ పంపిణీ, పట్టాలు, వాటి రద్దు గురించి వింటూ పెరిగిన మనకు ఈ మేడ ముందు నిలబడితే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇల్లు ఇప్పుడు పక్కనున్న సెయింట్ జాన్స్ చర్చిది. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, ముందే చూసుకోండి.

ఐదో స్క్వేర్‌కు వెళ్లే ముందు జోన్స్ స్ట్రీట్ అడ్డొస్తుంది. అక్కడ పడమరకో తూర్పుకో తిరిగి రెండు బ్లాకులు నడిచి వెనక్కి రండి. ఇటుక రోడ్డు, ఇంటింటికీ మొదటి అంతస్తు దాకా ఎత్తయిన మెట్లు, పైన రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే లైవ్ ఓక్ కొమ్మలు. ఆ కొమ్మల నుంచి వేలాడే బూడిద రంగు కుచ్చులే స్పానిష్ మాస్. పేరుకు నాచే కానీ అది అనాస కుటుంబపు మొక్క. చెట్టును పీల్చి బతకదు, గాలిలోని తేమతోనే బతుకుతుంది. కింద రాలిందాన్ని పిల్లలను ముట్టనివ్వద్దు, చర్మాన్ని కుట్టే సన్న పురుగులుంటాయి.

ఐదోది మాంటెరే స్క్వేర్. 1779లో ఊరిని బ్రిటిష్‌వాళ్ల నుంచి విడిపించే ముట్టడిలో దెబ్బతిని చనిపోయిన పోలండ్ వీరుడు పులాస్కీ స్మారకం మధ్యలో ఉంటుంది. తూర్పున చర్చిలా కనిపించే గోథిక్ కట్టడం చర్చి కాదు, యూదుల ప్రార్థనా మందిరం మిక్‌వే ఇజ్రాయెల్. ఊరు పుట్టిన ఏడాదే, 1733 జులైలో, లండన్ నుంచి ఓడలో వచ్చిన యూదులు మొదలుపెట్టిన సమాజం అది. అప్పటికే జ్వరాలతో జనం రాలిపోతున్నారు. ఆ ఓడలో వచ్చిన డాక్టర్ నునెజ్ వైద్యం చేసి చాలామందిని నిలబెట్టాడు. ఓడలో వెంట తెచ్చుకున్న తోరా గ్రంథం ఇప్పటికీ లోపల భద్రంగా ఉంది.

ఇంకో రెండు నిమిషాలు నడిస్తే ఫోర్సైత్ పార్కు. తెల్ల ఇనుప ఫౌంటెన్ 1858 నాటిది. అంత అందమైనదాన్ని కేటలాగ్ చూసి ఆర్డరిచ్చి తెప్పించారంటే నమ్మబుద్ధి కాదు. శనివారం పొద్దునైతే పార్కు దక్షిణం వైపు రైతు బజారు ఉంటుంది.

5. తిరుగు దారిలో రెండు ఇళ్లు, ఒక చర్చి

వెనక్కి బుల్ స్ట్రీట్ మీద కాకుండా తూర్పున ఆబర్‌కార్న్ స్ట్రీట్ మీద రండి. లఫాయెట్ స్క్వేర్‌లో జంట శిఖరాల కేథడ్రల్ కనిపిస్తుంది, లోపలికి వెళ్లి రంగుటద్దాల కిటికీలు చూడండి. తర్వాత కలోనియల్ పార్క్ శ్మశానం. 1820లో వచ్చిన ఎల్లో ఫీవర్‌లో పోయిన దాదాపు 700 మంది కోసం అక్కడ ఒక బోర్డు పెట్టారు. దెయ్యాల టూర్లన్నీ రాత్రి ఇటే వస్తాయి. నన్నడిగితే వాటికి పెట్టే డబ్బుతో ఇంకో మ్యూజియం చూడొచ్చు.

ఒక్క ఇంట్లోకే వెళ్లే టైమ్ ఉంటే ఓగల్‌థార్ప్ స్క్వేర్ దగ్గరి ఓవెన్స్-థామస్ హౌస్‌కే వెళ్లండి. విలియమ్ జే అనే కుర్ర ఇంగ్లండ్ ఆర్కిటెక్ట్ రూపొందించిన ఈ ఇల్లు 1819లో పూర్తయింది. చాలా మ్యూజియం ఇళ్లలో ముందు గదిలోని ఝూమర్లతో మొదలుపెడతారు. ఇక్కడ టూర్ పెరటి నుంచి, బానిసలు ఉన్న గదుల నుంచి మొదలవుతుంది. ఆ గదిలో తల పైకెత్తి చూడండి. పైకప్పు దూలాల మీద పాలిపోయిన నీలం రంగు ఇంకా అంటుకుని ఉంది. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపి వేసిన రంగు అది, దుష్టశక్తులు ఇంట్లోకి రావని వాళ్ల నమ్మకం. రెండువందల ఏళ్ల క్రితం ఆ గదిలో పడుకున్నవాళ్లు తమ చేత్తో తమ కోసం వేసుకున్న రంగు.

ఆ తర్వాత పెద్దింట్లోకి తీసుకెళ్తారు. మేడ మీద రెండు గదుల వరుసలను కలుపుతూ ఇంటి లోపలే చిన్న వంతెన ఉంటుంది. పైకప్పు మీద వాన నీళ్లు పట్టి, గొట్టాల్లోంచి స్నానాల గదికీ మరుగుదొడ్డికీ వదిలేవారు. ఆ కాలానికి అది వింత. ఆ తొట్టెలు కడిగిందెవరు, పొయ్యికి కట్టెలు మోసిందెవరు అన్న సంగతి కూడా గైడ్ దాచిపెట్టకుండా చెబుతారు. ఒకే టికెట్‌తో టెల్‌ఫేర్ అకాడమీ, జెప్సన్ సెంటర్ కూడా చూడొచ్చు, వారం దాకా చెల్లుతుంది. వారాంతాల్లో స్లాట్లు త్వరగా నిండిపోతాయి, పొద్దునే బుక్ చేసుకోండి.

రెండోది కొలంబియా స్క్వేర్‌లోని డావెన్‌పోర్ట్ హౌస్. ఇల్లు కన్నా దాని కథ గొప్పది. 1954లో ఎల్లిస్ స్క్వేర్‌లోని పాత మార్కెట్‌ను కూలగొట్టి పార్కింగ్ గరాజ్ కట్టారు. మరుసటి ఏడు ఈ ఇంటికీ అదే గతి పట్టబోతుంటే ఊళ్లోని ఏడుగురు ఆడవాళ్లు చందాలు పోగేసి 22,500 డాలర్లకు కొనేశారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా పుట్టింది. తర్వాత వందల ఇళ్లు కూలిపోకుండా నిలబడ్డాయి. అదే సమయంలో నల్లజాతివాళ్ల ఇళ్లు, చరిత్ర పోకుండా పోరాడినవాడు డబ్ల్యు. డబ్ల్యు. లా, ఊరి పోస్ట్‌మ్యాన్, పౌరహక్కుల నాయకుడు. మీరు కారు పెట్టిన గరాజ్ గుర్తుందా? ఆ పాత గరాజ్‌ను పడగొట్టి, పార్కింగ్‌ను భూమి కిందికి దింపి, 2010లో పైన ఎల్లిస్ స్క్వేర్‌ను మళ్లీ తెరిచారు.

చర్చి అన్నది ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లోని ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి. పగలంతా దొరల పని చేసి, రాత్రిళ్లు బానిసలే కట్టుకున్న కట్టడం, 1859లో పూర్తయింది. కింది హాలు చెక్క నేలలో గుండ్రటి కన్నాలు వజ్రాకారంలో ఉంటాయి. అవి కాంగో ప్రాంతపు ప్రార్థనా చిహ్నమని, పారిపోయి వచ్చి నేల కింద దాక్కున్నవాళ్లకు గాలి కూడా వాటిలోంచే అందేదని చర్చివాళ్లు చెబుతారు. వాళ్లే నిర్ణీత వేళల్లో చూపిస్తారు. 

6. రివర్ స్ట్రీట్‌కు సాయంత్రం దిగండి

ఇక ఇప్పుడు నది. బే స్ట్రీట్ నుంచి కిందికి దిగే పాత రాతి మెట్లు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అమ్మానాన్నలు వెంట ఉంటే వాటి జోలికి పోకండి. సిటీ హాల్ పక్కన, హయత్ హోటల్ దగ్గర లిఫ్ట్ ఉంది. హీల్స్ వేసుకుని మాత్రం రావద్దు. కింద దారి నిండా పరిచిన గుండ్రాళ్లు ఒకప్పుడు ఖాళీ ఓడలు బరువు కోసం అడుగున వేసుకొచ్చినవి. సరుకు ఎక్కించుకోవడానికి ఇక్కడ దింపేసి వెళ్తే వాటితోనే గోడలు, దారులు కట్టారు.

ఎదురుగా ఉన్న ఎత్తయిన ఇటుక భవనాలన్నీ పత్తి గోదాములు. కింది అంతస్తుల్లో సరుకు, పై అంతస్తుల్లో ఫ్యాక్టర్ల ఆఫీసులు. ఫ్యాక్టర్లంటే గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్లు ఉన్నట్టే: రైతు సరుకు అమ్మిపెట్టడం, ముందుగా అప్పివ్వడం, కమీషన్ పట్టుకోవడం. భవనాల వెనక, పై మట్టంలో ఇనుప వంతెనలు ఉన్న దారిని ఫ్యాక్టర్స్ వాక్ అంటారు. కింద బండ్లలో వచ్చే పత్తిని ఆ వంతెనల మీంచి చూసి ధర కట్టేవారు.

పత్తి గింజను చేత్తో వేరు చేయడం ఎంత నెమ్మదో చూసినవాళ్లకు తర్వాతి సంగతి వెంటనే అర్థమవుతుంది. 1793లో ఈ ఊరికి దగ్గరలోని మల్బెరీ గ్రోవ్ తోటలో ఎలీ విట్నీ జిన్నింగ్ యంత్రం తయారుచేశాడు. పని తేలికయితే బానిసల అవసరం తగ్గాలి కదా? జరిగింది తిరగబడి. గింజ తీయడం తేలికయ్యేసరికి పత్తి సాగు వందల మైళ్లు పాకింది, ఏరడానికి ఇంకా ఎక్కువమందిని కొన్నారు. 1859 మార్చిలో ఈ ఊరి శివారు గుర్రప్పందేల మైదానంలో ఒకే దొరకు చెందిన నాలుగువందల మందికి పైగా మనుషులను రెండు రోజుల్లో వేలం వేశారు. ఆ రెండు రోజులూ ఎడతెగని వాన. ఆ వేలాన్ని ఇప్పటికీ ‘ఏడ్పుల కాలం’ అనే తలుచుకుంటారు. రివర్ స్ట్రీట్‌లోనే 2002లో పెట్టిన ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబ విగ్రహం ఉంది, కాళ్ల దగ్గర తెగిన గొలుసులతో. జనం దాన్ని దాటుకుని మిఠాయి దుకాణానికి వెళ్లిపోతుంటారు. మీరు ఆగి కింద చెక్కిన మాటలు చదవండి.

అంతర్యుద్ధంలో ఉత్తరాదివాళ్లు ఈ రేవులన్నీ మూసేయడంతో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి కోసం ఎగబడ్డాయి, మన దగ్గర ధర చుక్కలనంటింది. యుద్ధం ముగియగానే పడిపోయింది. ఈ గట్టుకూ మన నల్లరేగడికీ అలా ఒక లంకె ఉంది.

ఓడల కోసం ఒక బెంచీ పట్టుకుని కూర్చోండి. నదికి ఎగువన ఉన్న గార్డెన్ సిటీ టెర్మినల్‌కు వెళ్లే కంటైనర్ నౌకలు ఇటే వెళ్లాలి. నది ఇక్కడ సన్నం కాబట్టి అవి చేతికందేంత దగ్గరగా, కాసేపు అవతలి ఒడ్డును పూర్తిగా మూసేస్తూ సాగిపోతాయి. పిల్లలకు మ్యూజియాలన్నింటికన్నా ఇదే నచ్చుతుంది. సిటీ హాల్ కింద నుంచి అవతలి హచిన్సన్ దీవికి ఉచిత ఫెర్రీ ఉంది. డబ్బు పెట్టి రివర్‌బోట్ ఎక్కకపోయినా నది మీంచి ఊరిని చూసిన తృప్తి దానితో తీరుతుంది. తూర్పు కొసన రుమాలు ఊపుతున్న అమ్మాయి విగ్రహం ఫ్లోరెన్స్ మార్టస్‌ది. అన్నతో దీపస్తంభం దగ్గర ఉంటూ, 1887 నుంచి 1931 దాకా వచ్చే పోయే ప్రతి ఓడకూ పగలు రుమాలు, రాత్రి లాంతరు ఊపింది.

7. తిండి దగ్గర జాగ్రత్త

మాంసం తినేవాళ్లకు ఇబ్బందే లేదు, రొయ్యలు, పీత, వేయించిన చికెన్ అన్నీ బాగుంటాయి. శాకాహారులకే చిక్కు. దక్షిణాది వంటలో ఆకుకూరలు, బీన్స్ ఉడికేటప్పుడు పంది ఎముక వేయడం మామూలు. ‘నో మీట్’ అంటే ‘ఇందులో మీట్ లేదు’ అనేస్తారు, ఎందుకంటే ముక్క తీసేసి వడ్డిస్తారు. పోర్క్, బేకన్, చికెన్ స్టాక్ ఉన్నాయా అని విడివిడిగా అడగండి. వేయించిన పచ్చి టమాటాలు, మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్, వేయించిన బెండకాయ మాత్రం తరచూ పనికొస్తాయి. రెడ్ రైస్ అనే ఎర్రన్నంలో బేకనో సాసేజో ఉంటుంది.

అన్నం, బెండకాయ ఇక్కడి తిండిలో ఇంతగా ఉండటానికి కారణం గీచీలు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వరి రైతుల వారసులు వాళ్లు. ఈ తీరంలో సముద్రపు పోటును లెక్కగట్టి, ఉప్పు తగలకుండా మడులకు నది మంచినీళ్లు పెట్టే విద్య వాళ్లదే.

1919లో మొదలై ఇప్పుడు బ్రౌటన్ స్ట్రీట్‌లో ఉన్న లియోపోల్డ్స్ ఐస్‌క్రీం షాపు ముందు లైన్ ఎప్పుడూ ఉంటుంది. తెరిచే వేళకో రాత్రి బాగా పొద్దుపోయాకో వెళ్లండి. రివర్ స్ట్రీట్ మిఠాయి దుకాణాల్లో ప్రాలీన్ రుచి చూడమని వేడివేడిగా చేతిలో పెడతారు. పల్లీ పట్టీ అనుకుని కొరికితే మెత్తగా విరిగి కరిగిపోతుంది. చాలా తీపి, పెట్టె మొత్తం కొనేముందు ఆలోచించుకోండి.

ఇంకో సంగతి. పాత ఊళ్లో ప్లాస్టిక్ కప్పులో మందు పట్టుకుని వీధిలో నడవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి శనివారం రాత్రి రివర్ స్ట్రీట్, సిటీ మార్కెట్ కాస్త గోలగోలగా ఉంటాయి. పిల్లలతో ఉంటే ఎనిమిదింటికల్లా పైకి వచ్చేయండి.

8. ఇంకో రోజు మిగిలితే

బొనావెంచర్ శ్మశానం ఊరికి తూర్పున కొద్ది మైళ్ల దూరం, కారు కావాలి. శ్మశానానికి ఎందుకని పెద్దవాళ్లు అభ్యంతరం పెడితే బలవంతం చేయకండి, ఇంకా తూర్పుకు వెళ్తే ఫోర్ట్ పులాస్కీ అనే పాత ఇటుక కోట ఉంది. 1862 ఏప్రిల్‌లో కొత్తరకం ఫిరంగులు రెండు రోజుల్లో దాని గోడలు చీల్చేశాయి. అంతటితో ఇటుక కోటల కాలమే చెల్లిపోయింది. గోడలో ఆ గుండ్లు కొన్ని ఇంకా దిగబడే ఉన్నాయి. ఆ దారే టైబీ బీచ్‌కి తీసుకెళ్తుంది. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్తే పార్కింగ్ కోసం కొట్టుకోనక్కర్లేదు.

ఆదివారం ఇంటికి బయలుదేరేవాళ్లు మధ్యాహ్నం రెండులోపే ఊరు దాటండి. ఐ-16 రెండు పక్కలా పైన్ చెట్లు తప్ప ఏమీ ఉండవు, మెటర్, డబ్లిన్ లాంటి కొన్ని ఎగ్జిట్‌ల దగ్గరే పెట్రోలు, బాత్‌రూమ్‌లు. ట్యాంకు సవానాలోనే నింపుకోండి. మేకన్ దాటి మెక్‌డొనో దగ్గరికి వచ్చేసరికి చీకటి పడిందంటే ఐ-75 మీద ఇంకో గంట కలుపుకోవాల్సిందే.